తలుపు పక్కన స్టూలు

కత్తెర మొన ప్లాస్టిక్‌లోకి దిగేటప్పుడు కార్డులావిడ నాలుక చివర కొంచెం బయటికొచ్చింది. ఎప్పుడూ అంతే. తపాలా బిళ్లంత మెమరీ కార్డును అరచేయంత అట్టకు అతికించి, దాని చుట్టూ పిడుగు పడ్డా పగలని ప్లాస్టిక్ తొడుగు వేసిన మహానుభావుడెవడోగానీ, వాడి జన్మలో ఒక్క కవరు కూడా సొంత చేత్తో విప్పి ఉండడని ఆవిడ నమ్మకం. అంచు వెంట కోసి, కార్డును రెండు వేళ్లతో బయటికి లాగి, వెనకవైపు బంగారు గీతలకు వేలు తగలకుండా పట్టుకుని, కౌంటరు మీద స్టాండుకు బిగించి ఉన్న పాత కెమెరాలోకి తోసింది. టిక్కుమంది.

"కొత్తదేగా? మళ్లీ చూడటమెందుకండీ?" అన్నాడు కార్డు కొనడానికొచ్చి కౌంటరు అవతల నిలబడ్డ గుమాస్తా. చేతిలో చిన్న కెమెరా ఉంది. దాన్ని పట్టుకున్న తీరు చూస్తే పక్కింటివాళ్ల పసిపిల్లను ఎత్తుకున్నట్టుంది.

"పెళ్లిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే బాబూ. కాపురానికొచ్చాకే తెలుస్తుంది," అంది ఆవిడ, మీట నొక్కుతూ.

ఈ షాపు మేడ మీద ఉంటుంది. ఇరుకు మెట్లెక్కి వస్తే ఒక పొడవాటి గది, గాజు బీరువాల్లో కెమెరాలు, ఆ చివర కంప్యూటరు ముందు షాపాయన, ఈ చివర తలుపుకు ఎదురుగా ఆవిడ కౌంటరు. రీళ్లు అమ్మే రోజుల్లో చేరింది. అప్పుడు ఆవిడ రీళ్లావిడ. రీళ్లు పోయి కార్డులొచ్చాయి, ఆవిడ కార్డులావిడ అయింది. సరుకు మారినప్పుడల్లా మనిషి పేరు మారింది తప్ప ఆవిడలో మారిందేమీ లేదు. అదే బూడిదరంగు శాలువా, చెవి వెనక అదే పెన్సిలు, ఎవరైనా ఫోటో అనగానే మొహానికి అడ్డం పెట్టుకునే చెయ్యి కూడా అదే.

అమ్మే ప్రతి కార్డుతోనూ ముందు ఒక ఫోటో తీసి చూడటం రిపేరు మాస్టారు పెట్టిన ఆచారం. ఒకసారి షాపులోకి దొంగ కార్డులొచ్చాయి. పైన రాసింది కొండంత, లోపల పట్టేది గోరంత. ఎవరిదో పెళ్లి సగంలో ఆగిపోయింది. పెళ్లి నిక్షేపంగా జరిగింది, ఆగింది ఫోటోలు. ఆ రోజు నుంచి పరీక్ష ఫోటో లేకుండా ఒక్క కార్డు మెట్లు దిగడానికి వీల్లేదన్నాడు మాస్టారు. దేన్ని తీయాలి మరి అని ఆవిడ అడిగితే, తలుపు పక్కన తను కూర్చునే మూడుకాళ్ల స్టూలు మీంచి లేచి పక్కకు జరిగాడు. "దీన్ని మించిన మనిషి దొరకదమ్మా. కదలదు, కళ్లు మూయదు, లావుగా వచ్చానని ఏడవదు." అప్పటినుంచీ ఆవిడ మీట నొక్కబోయే ప్రతిసారీ ఆయన కెమెరా పక్కకొచ్చి నిలబడి, ఖాళీ స్టూలుతో, "ఏదీ, ఒక్కసారి నవ్వు తల్లీ," అనేవాడు. వెయ్యోసారికి కూడా ఆవిడకు నవ్వు ఆగేది కాదు.

మాస్టారికి పసుపు టేపు పిచ్చి. కళ్లజోడుకు టేపు, గొడుగుకు టేపు, స్టూలు కాలు ఒకటి బీటలిస్తే దానికీ టేపే. ఆయన చేతికిస్తే తూర్పు పడమరల్ని కూడా అతికించేసేవాడని షాపాయన అనేవాడు. ఒక మధ్యాహ్నం ఆ స్టూలు మీదే గోడకానుకుని కునుకు తీసి మళ్లీ లేవలేదు. ఆయన తర్వాత ఆ రంగు టేపు ఎక్కడా దొరకలేదు. స్టూలు మాత్రం అక్కడే ఉండిపోయింది, టేపు చుట్టిన కాలు గోడవైపుకి తిప్పుకుని. దాని మీద ఇంకెవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు కూడా.

"అన్నిట్లోకీ పెద్ద కార్డిచ్చేయండి, ఒక్కసారితో పోతుంది," అన్నాడు గుమాస్తా.

"ఏం తీస్తారు మీరు?"

"ఏముందండీ, ఇంట్లోవాళ్లని. ఎక్కువగా మా పిల్లిని."

"అదేమైనా ఎగురుతుందా, దూకుతుందా?"

"పడుకునే ఉంటుందండీ."

"పడుకునే పిల్లికి పదెకరాల కొంపెందుకు?" ఆవిడ అతని కెమెరాను తిప్పి అడుగున చూసింది. "ఇది పాతకాలంది. పెద్ద కార్డు పెడితే గుర్తే పట్టదు, ఆస్తి తగాదా పడ్డ చుట్టంలా మొహం తిప్పుకుంటుంది. ఇదిగో, గుండ్రటి గీతలో ఈ అంకె ఉంది చూశారా, ఇది కార్డు రాసుకునే వేగం. పరుగెత్తే పిల్లల్ని తీసేవాళ్లకి ఎక్కువుండాలి. మీ పిల్లికి ఇది చాలు. ఇలాంటివి చిన్నవి రెండు తీసుకెళ్లండి. అంతా ఒకదాంట్లోనే పోసుకుంటే, అది పోయిననాడు అంతా పోతుంది."

మొదటి కార్డులో స్టూలు ఎప్పటిలాగే పడింది. ఆవిడ దాన్ని చెరిపి రెండోది పెట్టి నొక్కింది. తెరలో స్టూలు ఉంది, తలుపు ఉంది, కింద గచ్చు పలకలున్నాయి. కానీ పసుపు టేపు కాలు ముందుకుంది.

తలెత్తి చూసింది. తలుపు పక్కన టేపు కాలు గోడవైపే ఉంది.

కళ్లజోడు తీసి శాలువా కొంగుతో తుడుచుకుంది. నంబరు మారి ఉంటుందనుకుంది. నంబరు మారితే మసకబారుతుంది గానీ స్టూళ్లు తిరగవన్న సంగతి గుమాస్తా మెట్లు దిగిపోయాక గుర్తొచ్చింది.

పదకొండయ్యేసరికి మెట్ల మీద చప్పుడు మొదలై, చప్పుడు కంటే ముందు మాట లోపలికొచ్చింది. "పిన్నీ, కెమెరా కొన్నా! ఎర్రది! అరవకు, చవకలోనే!"

అక్క కూతురు. నోరు మూయదని చిన్నప్పుడే పిచ్చుక అని పేరు పెట్టింది ఆవిడ. తల్లి పోయేనాటికి పిల్లకు ఇంకా సరిగ్గా మాటలు రాలేదు. ఆ బాకీ అంతా పిన్ని దగ్గరే తీర్చుకుంది. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, తెల్లారితే రైలు.

"ఊరు చేరాక కొనుక్కోవచ్చుగా, ఇక్కడే కొనాలా?"

"కొనాలి. కార్డు నువ్వివ్వాలి. అందులో మొదటి ఫోటో నీదవ్వాలి."

ఆవిడ చెయ్యి దానంతటదే మొహం మీదికి లేచింది.

"అదిగో, అదే వద్దంటున్నా! నా దగ్గర మా ఇంటి గోడల ఫోటోలున్నాయి, మా పక్కింటి కుక్క ఫోటో ఉంది, నిన్ను తప్ప అందర్నీ నువ్వు తీసిన ఫోటోలున్నాయి. నీది ఒక్కటి లేదు పిన్నీ."

"వండేవాళ్లకి ఆకలుండదు, తీసేవాళ్లకి ఫోటో ఉండదు. నా ముక్కు చూశావుగా, మొహంతో సంబంధం లేకుండా దాని దారిన అది పోతుంది. దాన్ని గోడకెక్కించుకుని ఏం చేస్తావు?"

పిచ్చుక ఎప్పుడూ నవ్వే చోట నవ్వలేదు.

"అమ్మది ఒక్క ఫోటో ఉంది. సరిగ్గా తీసేవేళకి తల తిప్పింది. మొహం ఉండాల్సిన చోట తెల్లగా ఏదో ఉంటుంది. నా చిన్నప్పుడు నేను పొగకి పుట్టాననుకునేదాన్ని, తెలుసా నీకు? ఆ కొత్త ఊళ్లో గదిలో ఒక్కదాన్నే ఉంటా. కొన్నాళ్లకి నీ మొహం కూడా అలాగే అయిపోతుంది. నువ్వు కూడా నాకు పొగవైపోతావా?"

ఆవిడ కార్డుల డబ్బాలో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. అక్క ఆ ఫోటో దిగిన నెలలోనే పోయింది. ఫోటో చేతిలో ఉంటే ఇక మనిషితో పనిలేదనుకుంటుంది విధి. ఆవిడ దీన్ని ఎవరికీ చెప్పలేదు. పట్టపగలు లైట్ల కింద కార్డుల వేగాలూ కొలతలూ వివరించే మనిషి నోటివెంట రావలసిన మాట కాదు. కానీ చెయ్యి మాత్రం మొహానికి అడ్డం వస్తూనే ఉండేది.

"సాయంత్రం షాపు కట్టేవేళకొస్తా," అంది పిచ్చుక. "ఫోటో లేకపోతే కార్డూ వద్దు, కెమెరా కూడా ఇక్కడే పడేసి పోతా. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకే, నీ కెమెరా మీద పెట్టుకో."

పిల్ల వెళ్లాక ఆవిడ దాని కోసం ఒక కార్డు ఎంచింది. మరీ పెద్దది కాదు, మరీ చిన్నది కాదు, గట్టిగా నిలబడేది. కవరు కోసి, కెమెరాలో పెట్టి, నొక్కింది.

తెరలో స్టూలు తలుపు దగ్గర లేదు. గచ్చు మధ్యలో ఉంది, పసుపు కాలు ముందుకు పెట్టి. అడుగు వేసినవాళ్లు మనం చూడగానే ఆగిపోతే ఎలా ఉంటారో అలా.

ఆవిడ కౌంటరు చుట్టూ తిరిగి వెళ్లింది. స్టూలు తలుపు పక్కనే ఉంది. వంగి కాళ్ల కింద చూసింది. ఏళ్ల తరబడి కదలనందువల్ల పలకల మీద మూడు చిన్న గుండ్రటి మరకలున్నాయి. మూడు కాళ్లూ వాటి మీదే ఉన్నాయి. లేచేటప్పుడు ఎడమ భుజం పట్టేసినట్టయింది. మెట్లెక్కుతుంటే పొద్దున కూడా అలాగే అయింది. తలగడ ఎత్తయిందనుకుంది అప్పుడు.

"తమ్ముడూ, ఈ స్టూలు ఎవరైనా జరిపారా?"

షాపాయన కంప్యూటరు మీంచి కళ్లు తిప్పలేదు. "కాళ్లున్నాయి కదక్కా. విసుగొచ్చి అటూ ఇటూ తిరిగుంటుంది."

ఆవిడ కూడా నవ్వింది. నవ్వాక కెమెరా వైపు చూసి, ఆ ఫోటో చెరిపేసి, పిచ్చుక కార్డును సొరుగులో వేసింది.

మధ్యాహ్నం ఒక తల్లి పరుగున వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, చేతిలో కెమెరా ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. కొడుకు ఏదో నొక్కి ఫోటోలన్నీ చెరిపేశాడట. వాడి మొదటి పుట్టినరోజు నుంచీ ఉన్నవన్నీ పోయాయట.

"ఆ తర్వాత ఏమైనా తీశారా?"

"లేదండీ, తీయడానికి చేతులాడితేగా!"

"బతికించారు." ఆవిడ కార్డును బయటికి లాగి, అంచున ఉన్న బుల్లి మీటను గోటితో కిందికి జరిపింది. "ఇది కార్డుకు తాళం. ఇది కిందికుంటే కొత్త ఫోటో పడదు, పాతది చెరగదు. కార్డు బయటికి తీస్తేనే దీన్ని జరపగలం, కెమెరా లోపలుండగా దీన్ని ఎవరూ ముట్టుకోలేరు. పోగొట్టుకోకూడనివి ఉంటే ముందు దీన్ని జరపాలి. మా మాస్టారైతే జరిపి, మళ్లీ పైకి జారకుండా దాని మీద పసుపు టేపు ముక్క కూడా వేసేవాడు."

"కానీ చెరిగిపోయినవి..."

"చెరిపితే పోవమ్మా. పేరు ఒక్కటే పోతుంది. మనిషి లోపలే ఉంటాడు, ఆ చోట్లో ఇంకొకరొచ్చి కూర్చునేదాకా."

ఈ మాట కొన్ని వందలమందికి చెప్పింది, ఎప్పుడూ తన మాటను తను వినలేదు.

షాపాయన కంప్యూటరులో పెట్టాడు. ఒక్కొక్కటీ తేలడం మొదలైంది. కొవ్వొత్తులు, కేకు పూసుకున్న మొహం, మొదటి బూట్లు. తల్లి ఏడుస్తూ నవ్వుతూ, "వీడే, వీడే, రాక్షసుడు," అంటోంది. అన్నిటికంటే చివర, అన్నిటికంటే పాతది ఒకటి వచ్చింది. ఖాళీ స్టూలు. ఆ కార్డు అమ్మిననాడు తీసి చెరిపేసిన పరీక్ష ఫోటో. మాస్టారు బతికున్న రోజులవి. స్టూలు తలుపు చౌకట్టుకు ఆనుకుని ఉంది, టేపు కాలు గోడవైపుంది, అంతా ఉండాల్సినట్టే ఉంది. ఫోటో అంచున, కెమెరా పక్కన నిలబడ్డ మనిషి నీడ మోచేతి దాకా పడింది.

"ఇదేమిటండీ? మాది కాదే," అంది తల్లి.

"మాదే," అంది ఆవిడ. "మీ ఇంట్లో ఇన్నాళ్లూ దాక్కుంది."

ఆ తల్లి కొత్త కార్డు కూడా కొనుక్కుంది. దానితో పరీక్ష ఫోటో తీసినప్పుడు తెరలో స్టూలు కౌంటరు దగ్గరికి వచ్చేసింది. చెక్క మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఆవిడ షాపాయన్ని పిలిచి చూపించింది.

"స్టూలే కదక్కా."

"దగ్గరికి రాలేదూ?"

"స్టాండు జరిగుంటుంది. కెమెరా ముసలిదైపోయింది, మనలాగే. వచ్చేనెల మార్చేద్దాం." ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. "పాలిపోయావేమిటి? తిన్నావా?"

"తిన్నా. నీ పిల్లల్ని అడిగినట్టు అడక్కు."

నిజానికి అన్నం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది. ఎడమచేతిలో ఏదో పాకుతోంది. భయం వేయాలి కదా, ఎందుకు వేయడం లేదని ఆలోచించింది. దొంగలా వచ్చేదాన్ని చూస్తే భయం వేస్తుంది. ఇది అలా రావడం లేదు. ఇంటికొచ్చిన చుట్టానికి కుర్చీ జరిపేవాళ్లు ఎలా జరుపుతారో అలా, చప్పుడు కాకుండా, మర్యాదగా వస్తోంది.

పొద్దు వాలింది. ఎదురు మేడ కిటికీల మీది ఎండ గాజు బీరువాల్లోకి జారి, కెమెరాల కళ్లన్నీ కాసేపు ఎర్రబడ్డాయి. "ముగ్గురికీ టీ తెస్తా. పిల్ల రేపు వెళ్లిపోతోంది కదా, ఏదైనా తినడానికి కూడా," అంటూ షాపాయన మెట్లు దిగాడు.

ఆవిడ సొరుగులోంచి పిచ్చుక కార్డు తీసింది. మీట పైకే ఉందో లేదో చూసుకుంది. కెమెరాలో పెట్టి నొక్కింది.

తెర నిండా చెక్క. కాళ్లు లేవు, తలుపు లేదు, గచ్చు లేదు. స్టూలు పైభాగం ఒక్కటే, కూర్చుని కూర్చుని నున్నబడి మెరుస్తూ, మధ్యలో కొద్దిగా పల్లంగా. ఇక దగ్గరికి రావడానికి చోటు లేదు.

"సరేలే," అంది ఆవిడ. ఎవరితో అన్నదో చుట్టూ చూస్తే ఎవరూ లేరు.

ఫోటో దిగితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. దిగకపోతే ఏమవుతుందో కూడా పొద్దున విన్నది. ఎక్కడో ఒక ఊళ్లో, ఒక గదిలో, ఒక పిల్ల కళ్లు మూసుకుని మొహం గుర్తు తెచ్చుకోవాలని చూస్తుంది. తెల్లటి పొగ వస్తుంది. అంటే పిన్ని ఆ పిల్లకు రెండోసారి తల్లి లేకుండా చేసినట్టే. ముక్కు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తెరలోని చెక్కను చెరిపేసింది. టైమరు పెట్టింది. కెమెరా ముందు ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. శాలువా సర్దుకుని, చెవి వెనక పెన్సిలు తీసి కౌంటరు మీద పెట్టి, గది దాటి వెళ్లింది. స్టూలు దాని మరకల మీద అది ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి దాని మీద కూర్చుంది. చెక్క చల్లగా ఉండాల్సింది. వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచినట్టు.

చెయ్యి మొహానికి అడ్డం రాబోయింది. ఆవిడ దాన్ని రెండో చేత్తో ఒళ్లో పట్టుకుని కూర్చుంది.

ఎర్ర దీపం వేగం పెరిగింది. అప్పుడు ఎవరో, "ఏదీ, ఒక్కసారి నవ్వు తల్లీ," అన్నారు. మెట్ల మీద అన్నారో, కెమెరా పక్కన అన్నారో, తన లోపలే అన్నారో తేల్చుకోవడానికి ఆవిడ కళ్లు కొద్దిగా పక్కకు తిప్పింది. వెయ్యోసారి ఆగని నవ్వు ఆ తర్వాతిసారి మాత్రం ఎందుకాగుతుంది?

షాపాయన, పిచ్చుక మెట్ల మీదే కలిశారు. పిల్ల వాగుడుకు టీ ఒలికిందని ఆయన విసుక్కుంటూనే లోపలికొచ్చాడు. ఆవిడ తలుపు పక్కన గోడకానుకుని కళ్లు మూసుకుని ఉంది. శాలువా ఒక భుజం మీంచి జారింది.

"చూడు, మీ పిన్ని షాపులో కునుకు తీస్తోంది. నేనెప్పుడైనా..." అని ఆయన ఆగిపోయాడు. ఆవిడ కూర్చున్నది దేని మీదో అప్పుడు చూశాడు.

"పిన్నీ," అంది పిచ్చుక. వంగి, జారిన శాలువాను నోరెత్తకుండా ఆవిడ భుజం మీదికి సర్దింది. ఆ పిల్ల నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

రైలు వెళ్లిపోయింది. ఇంకో రైలుకు సామాను కట్టుకుని, వారం గడిచాక, పిచ్చుక మళ్లీ మెట్లెక్కింది. కౌంటరు మీద కెమెరా ఎలా ఉన్నది అలాగే ఉంది. ఎవరూ ముట్టుకోలేదని, ముట్టుకోబుద్ధి కాలేదని షాపాయన చెప్పాడు. ఆన్ చేస్తే తెర మీద మొదట కార్డుకు తాళం వేసి ఉందన్న మాట వచ్చింది. ఆ తర్వాత ఫోటో వచ్చింది. ఒక్కటే ఫోటో. స్టూలు తలుపు పక్కన దాని చోట్లో అది ఉంది. దాని మీద పిన్ని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ముక్కుతో సహా, మొహమంతా నవ్వుతూ. తల కదల్లేదు. ఎక్కడా పొగ లేదు. చూపు మాత్రం కెమెరాలోకి కాకుండా కొంచెం పక్కకుంది, పక్కనే నిలబడ్డ ఎవరి మొహంలోకో చూస్తున్నట్టు.

"తాళమా?" అన్నాడు షాపాయన. "తాళం ఉంటే ఫోటో పడదు. పడ్డాక వేయాలంటే కార్డు బయటికి తీయాలి. ఆవిడ అక్కడ కూర్చుని ఉంది కదా."

అంటూనే కెమెరా పక్కవైపు మూత తీసి, కార్డును నొక్కి, బయటికి లాగి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇద్దరూ దాని మీదికి వంగారు.

అంచున బుల్లి మీట కిందికి జరిపి ఉంది. దాని మీద, ఎవరో తీరిగ్గా కొలిచి కత్తిరించినట్టు, గోరంత పసుపు టేపు ముక్క.